మత్తయి సువార్తయందలి "మొదట" శబ్దము – అర్థవిచారము

మత్తయి సువార్త 6వ యధ్యాయమున 33వ వాక్యము తెలుఁగు క్రైస్తవులలోఁ జదువు రానివారికిఁ గూడఁ గంఠస్థమైనది. అన్నవస్త్రములను గూర్చి చింతిల్లవలదని బోధించి, దేవుని రాజ్యమును ఆయన నీతిని మొదట వెదకవలయునని శిష్యుల కాదేశించుట దాని తాత్పర్యము. ఇందలి "మొదట" యను క్రియావిశేషణము కాలక్రమమును దెలుపునా, ప్రాధాన్యమును దెలుపునా యనునది యిచట విచార్యము. ప్రశ్న చిన్నది, దానిపై నాధారపడిన నిందాస్తుతులు మాత్రము చిన్నవి కావు.

గణపవరము మొదలుకొని నిడమఱ్ఱు మీఁదుగాఁ గొల్లేటి యంచువఱకుఁ గల సీమను దలంచిన నీ ప్రశ్నయొక్క బరువు తెలియును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిదప గోదావరి కాలువనీటఁ బండుచు వచ్చిన నేల యది. నేఁడు వరిచేలతోపాటు చేఁపలచెఱువులతో నిండియున్నది. 1836లో నింగ్లండునుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బియర్ నరసాపురమునఁ బ్రారంభించిన సేవయు, 1841లో మచిలీపట్టణమునకు వచ్చిన ఫాక్సు, నోబిలుల కృషియు, తరువాత భీమవరము, ఆకివీడు ప్రాంతములందు లూథరనులును గెనడా బాప్తిస్టులును జేసిన పరిశ్రమయుఁ గలసి యీ పల్లెలలోఁ బెక్కు సంఘములను నిలిపినవి. ఆ సంఘములలోనివా రనేకులు కూలినాలి చేసికొని బ్రదుకువారు. ఊడ్పుల కాలమున నారు ముదిరిపోవును. కాలువనీటి వంతు దాఁటిపోవును. ఆదివారమని చేను ఆగదు. చేఁపలచెఱువున వేకువజామున నీటిలోఁ బ్రాణవాయువు తగ్గి చేఁపలు పైకివచ్చి నోళ్లు తెఱచును. అప్పుడు కావలివాఁడు ఏరియేటర్లు త్రిప్పనిచోఁ దెల్లవాఱునప్పటికిఁ జెఱువంతయుఁ దేలిపోవును. ఇట్టి పనిచే నారాధనకు రాలేకపోయిన దానిని గాని వానిని గాని "దేవుని మొదట నుంచలేదు" అని సంఘము నిందించినచో, ఆ నింద యంతయు నీ యొక్క పదముయొక్క యర్థముపై నిలిచియున్నది. అర్థనిర్ణయము చేయక నింద చేయుట న్యాయము కాదు.

ముందుగాఁ గ్రమవాదుల పక్షము. లోకవ్యవహారమున "మొదట" యనఁగాఁ గాలమునఁ బూర్వమని యర్థము. వాడుకలోనున్న తెలుఁగు బైబిలునందు నీ వాక్యముయొక్క యుత్తరార్ధము "అప్పుడు" అను పదముతో నారంభమగుచున్నది; "మొదట", "అప్పుడు" అను రెండును జంటగా వచ్చినచోటఁ గ్రమమే తోఁచును. పాతనిబంధనమునఁ బంటలో ప్రథమఫలమును, సంతానములోఁ దొలిచూలును దేవునివి. మార్కు 1వ యధ్యాయమున యేసు పెందలకడనే లేచి యేకాంతమున కేఁగి ప్రార్థించినట్లున్నది. కావున దినమునఁ దొలిగడియ, వారమునఁ దొలిదినము, రాఁబడిలోఁ దొలిభాగము దేవున కిచ్చి, పిదపఁ దక్కిన పనులు చూచుకొనుటయే యీ యాదేశమున కర్థమని వారందురు. ఈ పక్షము దుర్బలమైనది కాదు. దీనిని జులకనగాఁ ద్రోసివేయరాదు.

అయినను వాక్యమునుఁ బరీక్షించినఁ గొన్ని చిక్కులు గనఁబడును. క్రమము రెండు క్రియల నపేక్షించును. "స్నానము చేసి భుజించెను" అన్నచోఁ గర్త యొక్కఁడు, క్రియలు రెండు; పూర్వకాలమందలి క్రియను క్త్వార్థకము తెలుపుచున్నది. ప్రకృతవాక్యమున వెదకుట శిష్యుల క్రియ. ఇది మొదటిదైనచో రెండవది యేది? "పిమ్మట నన్నవస్త్రములను వెదకుఁడు" అను విధి యందు లేదు. ఉత్తరార్ధమునఁ గర్మణిప్రయోగము వచ్చినది. ఇచ్చువాఁడు దేవుఁడు, పుచ్చుకొనువారు శిష్యులు. వెదకుట యొకరిది, ఇచ్చుట వేఱొకరిది. ఏకకర్తృకములైన రెండు క్రియలు లేనిచోట వారు చెప్పు క్రమమున కాకాంక్ష తీఱదు.

మఱియు మత్తయి యీ శబ్దమును గ్రమార్థమున వాడిన చోట్లు వేఱుగ నున్నవి. 5వ యధ్యాయము 24వ వాక్యమున, బలిపీఠమునొద్దకుఁ గానుక తెచ్చినవాఁడు సహోదరునకుఁ దనపై వ్యాజ్యము గలదని తలంచినచో, మొదటఁ బోయి వానితో సమాధానపడి యటుతరువాతఁ గానుక నర్పింపవలయు నని యున్నది. 7వ యధ్యాయము 5వ వాక్యమున మొదటఁ దన కంటి దూలమును దీసికొని యప్పుడు పరుని కంటి నలుసును జూడవలయు నని యున్నది. ఈ రెండు చోట్ల గ్రీకుమూలమున "ప్రోతోన్" అనుపదమునకు జోడుగా "తోతె" యను కాలవాచకము స్పష్టముగ నున్నది. 6వ యధ్యాయమున "ప్రోతోన్" ఉన్నది గాని "తోతె" లేదు. ఉన్నది "కై" యను సముచ్చయార్థక మొక్కటియే. తెలుఁగు పాఠమునందలి "అప్పుడు" మూలమునఁ గాలవాచకము లేని తావున వచ్చి చేరినది. క్రమవాదుల ముఖ్యాధారమిట్లు శిథిలమగుచున్నది.

పై యుదాహరణములలో 5వ యధ్యాయమునందలిది మఱియొక కారణమున విశేషమైనది. కాలక్రమమే దైవప్రాధాన్యమున కర్థమైనచోఁ గానుక ముందు, సహోదరుఁడు పిదప కావలెను. సువార్త దానిని దలక్రిందు చేసి, కానుకను బీఠమునొద్ద విడిచి సహోదరునికడకుఁ బొమ్మనుచున్నది. అట్లు పోయినవాఁడు దేవుని రెండవవానిని జేసెనని యెవరును జెప్పరు. కావునఁ గాలమునఁ బూర్వమగుటయు, విలువయందుఁ బ్రధానమగుటయు నొక్కటి గావని సువార్తయే చెప్పినట్లయినది.

ఇఁక లూకా సువార్త 12వ యధ్యాయము 31వ వాక్యమును జూడవలెను. అదే బోధ యచటను గలదు. కాని "మొదట" యను పదమే లేదు. ఆ పదము క్రమార్థకమై వాక్యమునకుఁ బ్రాణభూతమైనచో దానిని విడిచిన లూకా వాక్యము నిర్జీవము కావలసినది; అట్లు కాలేదు. తెలుఁగు పాఠమున నచట "అప్పుడు" లేదు, "దానితో కూడ" అని యున్నది. మూలమునందలి క్రియకుఁ "జేర్చుట" యని యర్థము గాన, లూకాయందలి యీ పలుకుబడి దాని స్వారస్యమును జక్కఁగా నిలిపినది. మత్తయియందుఁ బోయినది లూకాయందు దొరికినది.

ఇచట వ్యాకరణజ్ఞుఁ డొక యాక్షేపము చేయవచ్చును. సహార్థయోగమున నప్రధానమునకే తృతీయ యగునని పాణినీయమతము. "శిష్యులతో గురువు వచ్చెను" అన్నచో గురువు ప్రధానుఁడు, శిష్యు లప్రధానులు. "దానితోఁ గూడ నివి యీయఁబడును" అన్నచోఁ దృతీయ రాజ్యమునకు వచ్చినది గావున రాజ్యమే యప్రధాన మగునుగదా యని యాక్షేపము. సమాధాన మేమనఁగా, శాబ్దప్రాధాన్యము వేఱు, ఆర్థప్రాధాన్యము వేఱు. "రాజుతోఁ గూడఁ బరివారము వచ్చినది" అను వాక్యమున శబ్దమునుబట్టి పరివారము ప్రధానము. అర్థమునుబట్టి రాజు ప్రధానుఁడు. రాజు రానిచోఁ బరివారము రాదు. రాజును బిలిచినవాఁడు పరివారమును వేఱుగఁ బిలువ నక్కఱలేదు. రాజు ముందు నడచెనా, నడుమ నడచెనా యను ప్రశ్నకును రాజత్వమునకును సంబంధము లేదు. ప్రకృతవాక్యముయొక్క హృదయమిదియే. రాజ్యము వెదకఁదగినది, అన్నవస్త్రములు దాని పరివారము.

మత్తయియందలి "మొదట" యీ యర్థమున కెట్లు పొసఁగును? తెలుఁగు "మొదలు" శబ్దమునకు నారంభ మొక్కటియే యర్థము కాదు. చెట్టుయొక్క అడుగు మొదలు. అప్పునందు వడ్డికి మూలమైన ధనము మొదలు. "మొదటికే మోసము" అను పలుకుబడియందు నారంభము కాక యాధారమే తోఁచును. సంస్కృతమునఁ బ్రథమ, ముఖ్య, ప్రధాన శబ్దములు వేర్వేఱు వ్యుత్పత్తులు గలవై వేర్వేఱు ఛాయలను దెలుపుచుండఁగా, తెలుఁగున నొక్క మొదలే యారంభమును నాధారమునుఁ గూడఁ దెలుపుచున్నది. ఈ పదమును గైకొన్న యనువాదకులు శ్లాఘ్యులు. చెట్టునకు మొదట నీరు పోసినఁ గొమ్మలన్నిటికి నెక్కును. మొదలునకుఁ బోసి పిదపఁ గొమ్మ కొమ్మకుఁ బోయువాఁడు లేఁడు. "అప్పుడు" అనుపద మడ్డుపడనిచో నీ యర్థము తెలుఁగు పాఠకునకుఁ దానుగనే స్ఫురించును.

క్రమవాదులు మత్తయి 8వ యధ్యాయమును జూపవచ్చును. అందొక శిష్యుఁడు మొదటఁ దన తండ్రిని బాతిపెట్టి వచ్చుటకు సెలవడుగఁగా యేసు తన్ను వెంబడింపుమనెను. ఇచట "మొదట" యనినవాఁడు శిష్యుఁడు. ప్రభువును దరువాత కుంచినది వాని మాట. నిరాకరింపఁబడినది వాయిదా వేయుట గాని పితృసేవ కాదు. మార్కు 7వ యధ్యాయమునఁ దల్లిదండ్రుల కీయవలసినదానిని దేవార్పిత మనిచెప్పి తప్పించుకొనువారిని యేసు కఠినముగా గర్హించుటయే దీనికి సాక్ష్యము. దేవుని పేరు చెప్పి గృహధర్మమును మానుటయు, గృహధర్మముపేరు చెప్పి దేవుని వాయిదా వేయుటయు రెండును దోషములే.

అట్లయినఁ బ్రాధాన్యపక్షమున నొక ప్రమాదము గలదు. "నా పనియే నా ప్రార్థన" యని పలికి యెన్నఁడును మోఁకరింపనివానికి నీ పక్షము చాటు కాదా? హృదయమునందలి ప్రాధాన్యము కంటి కగపడదు. కావున దానికిఁ జిహ్నము కావలెను. ఆ చిహ్నమునకుఁ జక్కని యుదాహరణము తెలుఁగు క్రైస్తవగృహములలోనే యున్నది. వంటకు బియ్యము కొలుచునపుడు గృహిణి పిడికెడు బియ్యము వేఱొక పాత్రలో వేయును. వారాంతమున నది సంఘమునకుఁ జేరును. 1912లో దోర్నకల్ పీఠమున కధ్యక్షుఁడై భారతీయులలోఁ దొలి యాంగ్లికన్ బిషప్పుగాఁ బేరొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945) యిట్టి దానధర్మమునకు మిక్కిలి విలువ యిచ్చి బోధించెను. ఈ పిడికెడు ఎసరు మరుగకముందే తీయఁబడును గావునఁ గాలక్రమమును గలదు. కాని తీయఁబడినది వంటపని మాని కాదు, వంటపనియందే. ఆ పిడికెడుతో దేవుని వంతు ముగిసి మిగిలినదంతయుఁ దన దగుననికాక, కుండలోని గింజలన్నియు నాయన యిచ్చినవేయని యా పిడికెడు తెలుపును. ప్రథమఫలములు, ప్రాతఃకాలప్రార్థన, ఆదివారారాధనయు నిట్టివే. క్రమము ప్రాధాన్యమునకు గుఱుతు. గుఱుతే ప్రాధాన్యము కాదు. గుఱుతును విడుచుట యెట్లు తప్పో, గుఱుతును గొలమానముగాఁ జేసి పరులను గొలుచుటయు నట్లే తప్పు.

అట్లైన నిజమైన కొలమాన మేది? ప్రధానాప్రధానములు రెండును బ్రసక్తించినపుడు కార్యము ప్రధానమునకే యగునని శాబ్దికుల న్యాయము. విరోధము వచ్చినపుడే ప్రాధాన్యము బయటపడును. చేఁపల తూకమున ముల్లు తిప్పుమని చెప్పఁగా నొప్పుకొననివాఁడు సోమవారమున దేవుని మొదట నుంచినవాఁడు. తొలిగడియఁ బ్రార్థించి వచ్చి కూలివారి కూలి బిగఁబట్టినవాఁడు యాకోబు పత్రిక 5వ యధ్యాయముననే నిందింపఁబడెను. వాఁడు క్రమమును దప్పలేదు, ప్రాధాన్యమును దప్పెను. ఇఁకఁ జెఱువునొద్ద నిలిచిన కావలివాని సంగతి మత్తయి 12వ యధ్యాయమే తేల్చినది: విశ్రాంతిదినమున గుంటలోఁ బడిన గొఱ్ఱెను బట్టి పైకి దీయని వాఁడుండఁడని యేసు ప్రతివాదులను బ్రశ్నించెను. గొఱ్ఱెకుఁ గల న్యాయము నీటఁ దల్లడిల్లు చేఁపకు లేకపోదు. అయినను మఱుసటి వారము రాఁదగియు రానివాఁడు దీనిని జాటు చేసికొనరాదు.

కావున "మొదట" శబ్దమున కిచటఁ బ్రాధాన్యమే ముఖ్యార్థము. క్రమము దానికి జ్ఞాపకము. బైబిలు పాఠమును సంస్కరించు పండితులు మత్తయియందలి "అప్పుడు" అనుదానిని విడిచి, లూకాయందువలె సహార్థకమును గ్రహించుట యుచితము. అంతవఱకు బడులలోను సంఘములలోను నీ వాక్యమును జదివి చెప్పువారు రెండు సువార్తల పాఠములను బ్రక్కప్రక్కనఁ జూపినఁ జాలును. ఊడ్పుచేనున నడుము వంచి నాటుచున్న స్త్రీకి, ఆమె నాటు మొక్కతోపాటు దేవుఁడును మొదలుననే యున్నాఁడని తెలియుటకు నంతకు మించిన వ్యాఖ్యానము పనిలేదు.