ఫ్రీడ్రిష్ చిత్రాల్లో ఓక్ వృక్షం: ప్రతీక, ప్రకృతి

జర్మన్ రొమాంటిక్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ (1774–1840) చిత్రించిన ‘ఓక్ వనంలో మఠం’ 1810లో బెర్లిన్ అకాడమీలో ప్రదర్శితమైంది. ప్రష్యా రాజు దానిని కొనుగోలు చేశాడు. మంచు కప్పిన శ్మశానం, కూలిపోగా మిగిలిన గోతిక్ గోడ, దాని ద్వారం వైపు శవపేటికను మోసుకుపోతున్న సన్న్యాసులు, చుట్టూ ఆకులు లేని ఓక్ చెట్లు ఇందులోని దృశ్యం. ఆ గోడకు ఆధారం చిత్రకారుని జన్మస్థలమైన గ్రైఫ్స్‌వాల్డ్ సమీపంలోని ఎల్డెనా మఠ శిథిలం.

తెలుగు బైబిలులో ఓక్‌కు ‘సింధూర వృక్షము’ అనే మాట కనిపిస్తుంది. అయితే ఆ మాట వినగానే తెలుగు పాఠకునికి ఎరుపు రంగు స్ఫురిస్తుంది. ఈ చిత్రంలోని నల్లని, వంకర కొమ్మలకు అది పొసగదు. అందువల్ల ఇక్కడ ‘ఓక్’ అనడమే ఉచితం.

ఫ్రీడ్రిష్ చిత్రాలను సమగ్రంగా పరిశోధించిన హెల్ముట్ బోర్ష్-జుపాన్ ఓక్‌ను క్రైస్తవపూర్వ విశ్వాసానికి ప్రతీకగా వ్యాఖ్యానించాడు. ప్రాచీన శిలాసమాధి చుట్టూ మూడు ఓక్ చెట్లు నిలిచిన ‘మంచులో శిలాసమాధి’ చిత్రానికి ఈ వ్యాఖ్యానం చక్కగా అన్వయిస్తుంది. దీనికి జానపద నేపథ్యమూ ఉంది. 8వ శతాబ్దంలో మతప్రచారకుడు బోనిఫేస్ గైస్మార్ వద్ద జర్మన్ ఉరుముల దేవత దోనార్‌కు చెందినదిగా భావించిన ఓక్‌ను నరికించాడన్న కథ ప్రసిద్ధం. అయితే ఆ కథలోని ముగింపును విమర్శకులు అంతగా పట్టించుకోలేదు. విల్లిబాల్డ్ రాసిన బోనిఫేస్ చరిత్ర ప్రకారం, కూలిన ఆ చెట్టు కలపతోనే ప్రార్థనామందిరం కట్టారు. పాత దేవత చెట్టే కొత్త దేవుని ఇంటికి దూలమైంది. అంటే ఓక్, చర్చి పరస్పర విరుద్ధాలన్న విభజన జానపద కథలోనే నిలవడం లేదు.

మఠం చిత్రంలోనూ అది నిలవదు. ఓక్ అన్యమతమైతే, చర్చి క్రైస్తవమైతే, రెండూ ఒకే స్థాయిలో ఎందుకు శిథిలమయ్యాయి? గోడలోని ఎత్తైన కిటికీ రేఖలూ కొమ్మల రేఖలూ ఒకే ఆకాశం మీద ఒకే తీరున నిలుస్తాయి. పైగా అది శీతకాలం. ఆకులు రాల్చిన ఓక్ చచ్చిన చెట్టు కాదు. ప్రతీకల నిఘంటువు వెంట పోయిన వ్యాఖ్యానం ఋతువును మరచింది.

1822 నాటి ‘ఒంటరి చెట్టు’ ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. బ్యాంకరు వాగెనర్ కోరిక మేరకు గీసిన ఈ చిత్రంలో విశాలమైన పచ్చిక నడుమ ఒక ముదుసలి ఓక్ ఉంటుంది. దాని శిరోభాగం ఎండి, విరిగిపోయింది. కింది కొమ్మలు మాత్రం ఆకులతో ఉన్నాయి. వృక్షశాస్త్ర దృష్టితో చూస్తే ఇది అసహజం కాదు. వయసు మళ్లిన ఓక్ నీటి కొరతకో, వేళ్ల దెబ్బకో పైకొమ్మలను వదులుకుని, కింద కొత్త గుబురు పెంచుకుని దీర్ఘకాలం బతుకుతుంది. ఎండిన కొమ్మలు దుప్పి కొమ్ములను తలపిస్తాయి కనుక ఇంగ్లీషులో అటువంటి ఓక్‌ను ‘దుప్పితల’ చెట్టు అంటారు. చెట్లను ఆరుబయట శ్రద్ధగా గీసుకుని, ఆ గీతలనే చిత్రాల్లో వాడుకున్న ఫ్రీడ్రిష్ ఈ లక్షణాన్ని చూసే ఉంటాడు.

నెపోలియన్ యుద్ధాల కాలంలో ఓక్ జర్మన్ జాతీయ చిహ్నంగా బలపడిన మాట నిజమే. కానీ ‘ఒంటరి చెట్టు’లో జెండా లేదు, వీరుడు లేడు. ఎండిన శిఖరం పర్వతరేఖను దాటి ఆకాశంలోకి పొడుచుకుపోతుంటే, కింద మొదలుకు ఆనుకుని ఒక గొర్రెల కాపరి నిలబడి ఉంటాడు. అతని గొర్రెలు మేస్తుంటాయి.