ఆదివారం ఎవరిది?

జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో, హాస్టల్లో చేతులు మారుతూ వచ్చిన కాపీ. రెండోసారి పోయిన నవంబరులో, ధారూర్ జాతర నుంచి తిరిగొచ్చాక. మొదటిసారి తలూపుతూ దాటేసిన పేజీల దగ్గర రెండోసారి ఆగిపోయాను. ఎందుకు ఆగానో చెప్పాలని ఇది రాస్తున్నా.

ముందు జాతర గురించి. వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైలుదారిలో ధారూర్ వస్తుంది. అక్కడ ఏటా నవంబరులో మెథడిస్టులు క్రైస్తవ జాతర జరుపుతారు. జనం గుడారాలేసుకుని, అక్కడే వండుకుతిని, ప్రసంగాలు వింటారు, పాడతారు, ఏడుస్తారు. అమెరికా మెథడిస్టులు అడవుల్లో రోజులకొద్దీ జరిపిన ఉజ్జీవ సభలకు ఇది మన చుట్టం. కానీ పేరు మాత్రం జాతరే. ఊరి దేవత జాతరలో మాదిగ డప్పు కొట్టడం అతని ఇష్టం కాదు, వెట్టి. అదే మాటని తెచ్చి, డప్పు కొట్టమని ఎవరూ హుకుం చేయని చోటికి పేరుగా పెట్టుకున్నారు. ఆ పేరు పెట్టుకోవడమే నాకొక విమర్శలా అనిపిస్తుంది.

మా తాత జీతగాడు. నాయనమ్మ జాతర గురించి దేవుడి మాట కంటే ముందు చెప్పేది ఇంకొకటి: "ఆడ ఉన్నన్ని దినాలు దొర పిలుపు ఇనరాదు బిడ్డా."

ఇప్పుడు నవల. 2000లో వచ్చింది. రూతు జ్ఞాపకాల్లోంచి తరతరాల మాలల కథ నడుస్తుంది. కరువులో శివయ్య, శశిరేఖ ఊరొదిలి బకింగ్‌హాం కాలవ పనికి పోతారు. అంటరానివాళ్లని తెలిశాక అక్కడా తరిమేస్తారు. మార్టిన్ చేరదీస్తాడు. శివయ్య సీమోను అవుతాడు. అక్కడితో కథ ఆగదు. కొత్త మతంలోకి కులం ఎలా వెంట వచ్చిందో, భూమి ప్రశ్న ఎలా తేలకుండా ఉండిపోయిందో చూపిస్తూ చివరి తరాన్ని విప్లవోద్యమం దాకా తీసుకెళ్తుంది. నవల వేసే లెక్క సూటిగా ఉంటుంది: మతం అక్షరం ఇచ్చింది, పేరు ఇచ్చింది, భూమి ఇవ్వలేదు. కాబట్టి అది దాటాల్సిన ఒక మజిలీ.

ఇరవై ఏళ్ల వయసులో ఈ లెక్క నాకు పూర్తిగా సరిపోయింది. ఇప్పుడు ఒక పద్దు రాయకుండా వదిలేసినట్టు అనిపిస్తోంది.

ఆ పద్దు కోసం నవల వెనకున్న చరిత్రలోకి పోవాలి. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువు కాలంలో అదే కాలవలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట పడకూడదని కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అందరూ చెప్పుకునేది ఈ అంకె. నాకు ముఖ్యం అనిపించేది అంతకుముందు మాదిగలకు పెట్టిన మూడు నియమాలు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాల్ని పూజించొద్దు.

పైకి ఇవి మతాచారాలు. వెట్టి చేసే మనిషి వైపు నుంచి చదివితే వేరేలా వినిపిస్తాయి. ఊరి గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాలి, దానికి దక్కేది ఆ మాంసం. అది తిననంటే ఆ చాకిరీ ఎందుకు చేయాలనే ప్రశ్న వస్తుంది. విగ్రహానికి మొక్కనంటే డప్పూ కొట్టననే. ఆదివారం పని చేయనంటే, వారంలో ఒకరోజు నీది కాదని దొర మొహం మీద చెప్పడం. నాకు లీవ్ పెట్టడమంటే యాప్‌లో రెండు క్లిక్కులు. మా తాతకు అది తిరుగుబాటు.

అయితే ఉజ్జీవం తనంతట తానే సంస్కరణ అయిపోదు. మెథడిస్టుల సొంత కథే దీనికి సాక్ష్యం. జాన్ వెస్లీ 1774లోనే బానిసత్వాన్ని ఖండిస్తూ పుస్తకం రాశాడు. 1784లో అమెరికాలో మెథడిస్టు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు తమ బానిసల్ని విడిచిపెట్టాలని నియమం పెట్టారు. యజమానులు ఎదురుతిరిగారు. ఆరు నెలలు తిరక్కుండానే దాన్ని పక్కన పెట్టేశారు. 1844లో బానిసల ప్రశ్న మీదే సంఘం రెండుగా చీలింది. గుడారంలో కన్నీళ్లకు లోటు లేదు. నష్టపోయేవాడు ఎవరో తేలగానే నియమం వెనక్కి పోయింది.

ఈ విషయంలో కల్యాణరావు చెప్పింది నిజం. జాతర ముగిశాక మా తాత మళ్లీ ఆ దొర దగ్గరికే పోయాడు. అప్పు అలాగే ఉంది, భూమి దొరదే. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు. ఇక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు ఎస్సీలు కారు. అందుకే మా నాన్నకు చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు. నవలలో శివయ్య సీమోను అయ్యాడు. మా ఇంట్లో ఇద్దరూ ఒకే మనిషిలో ఉండాల్సి వచ్చింది.

అయినా నాకొక పేచీ మిగిలింది. భూమి దొరకని ఆ మధ్యకాలంలో మనుషులు దేనితో బతికారు? దొర ఎదుట నిలబడి "ఆదివారం రాను" అని మొదటిసారి అన్నప్పుడు గొంతు ఎలా ఉండి ఉంటుంది? పాటనీ వీధి భాగోతాన్నీ అంత ప్రేమగా రాసిన నవల, గుడారం లోపలి పాట దగ్గరికొచ్చేసరికి తొందరపడుతుంది. మజిలీని దాటించే హడావుడిలో అక్కడ నడుం వాల్చినవాళ్ల ముఖాలు సరిగా చూడలేదు.

చదవనివాళ్లు ఈ నవల తప్పకుండా చదవండి. కాలవ పేజీల దగ్గర నెమ్మదించండి. ధారూర్ వైపు నుంచి ఎవరైనా ఇలాంటిది రాస్తే మొదటి కాపీ నాకు కావాలి. అందులో ఆ ఐదారు దినాలూ పూర్తిగా ఉండాలి, తిరిగి దొర ఇంటికి నడిచిన దారీ ఉండాలి.