ఊరు వదిలినవాళ్ళ లెక్క

ఒక్కో జంటకు ఒక్కో కాగితం. పైన పెళ్ళి తేదీ, కింద పిల్లల బాప్తిస్మాలు, ఆ పక్కన ఖననాలు. వెనకటి జనాభాను చదివే మా వృత్తిలో చర్చి రిజిస్టరులోని విడివిడి పేర్లను ఇలా కుటుంబాలుగా కలపడం కన్నా నాకు ఇష్టమైన పని లేదు. దీనికి కట్టుదిట్టమైన నియమాలు ఏర్పరచినవాడు ఫ్రాన్స్‌కు చెందిన లూయీ ఆన్రీ. ఇంగ్లండ్‌లో ఇది సాధ్యమైందంటే, ప్రతి చర్చిలోనూ ఈ వివరాలు రాసిపెట్టమని 1538లో థామస్ క్రామ్‌వెల్ ఇచ్చిన ఆదేశమే కారణం.

డెవన్ ప్రాంతంలోని కొలిటన్ ఊరి మీద ఇ.ఎ. రిగ్లీ 1966లో రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ ఆత్రంగా తిరగేస్తుంటాను. 1560-1646 మధ్య అక్కడి ఆడవాళ్ళకు తొలి పెళ్ళి సగటున 27వ ఏట అయ్యేది. ఆ తర్వాతి డెబ్భై ఏళ్ళలో ఆ వయసు దాదాపు 30కి చేరింది. బాల్యవివాహాల చరిత్ర ఉన్న మనకు నమ్మబుద్ధి కాదు గానీ, అక్కడ ఆలస్యంగా పెళ్ళాడటం మామూలు సంగతే.

ఇలా పేర్లు కలపడంలో చిక్కంతా ఇక్కడుంది. ఒక జంటకు ముగ్గురు పిల్లలు పుట్టారు, ఆపైన ఆ ఇంటి ఊసే లేదు. కాన్పులు ఆగాయా? తల్లి పోయిందా? మకాం మార్చారా? రాత లేదు కాబట్టి కాన్పు లేదని వేసేయకూడదు. ఊళ్ళో ఉన్నారనడానికి ఆధారం ఉన్నంతవరకే వాళ్ళను లెక్కలోకి తీసుకోవాలి. ఆలుమగల్లో ఒకరి ఖననం ఆ రిజిస్టరులోనే దొరికితే వాళ్ళ కాపురం అక్కడే సాగిందని నమ్మవచ్చు. లేదంటే ఎంత ముద్దొచ్చే కాగితమైనా పక్కన పెట్టాల్సిందే. ఈ నిగ్రహం మీద నాకు అపారమైన గౌరవం.

అయితే దీనికి చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. నాటింగ్‌హామ్‌షైర్‌లోని క్లేవర్త్ ఊరిజనం జాబితాలు 1676లో ఒకటి, 1688లో ఒకటి ఉన్నాయి. పీటర్ లాస్లెట్ రెంటినీ పోల్చి చూస్తే మొదటి జాబితాలోని ప్రతి పదిమందిలో ఆరుగురు రెండో దాంట్లో లేరు. కొందరు చనిపోయారు, తక్కినవాళ్ళు వెళ్ళిపోయారు. పాలేర్లూ పనిమనుషులూ ఏటేటా ఇల్లు మారే ఆ సమాజంలో మన కాగితాలకు చిక్కేది నిలకడగా ఉన్నవాళ్ళే.

అందుకే రిగ్లీ, రోజర్ స్కోఫీల్డ్ 1981లో వెలువరించిన మహాగ్రంథం నాకు అంత విలువైనది. అందులో ప్రధానమైన లెక్కకు పేర్లు కలపలేదు. 404 చర్చిల రిజిస్టర్లలో నెలనెలా ఎన్ని బాప్తిస్మాలు, ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని ఖననాలు అని లెక్కించారు. స్థానిక చరిత్ర మీద ప్రేమతో స్వచ్ఛందంగా పనిచేసినవాళ్ళ శ్రమ అది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్ జనాభా పెరగడానికి మరణాలు తగ్గడం కన్నా పెళ్ళిళ్ళు త్వరగా, ఎక్కువగా జరగడమే పెద్ద కారణమని అందులో తేల్చారు. ఎవరు ఎక్కడినుంచి వచ్చారని ఆ లెక్క అడగదు. కొత్త ఊళ్ళో పెళ్ళాడిన పనిపిల్ల కూడా ఆ ఊరి అంకెలో ఒకటిగా చేరుతుంది.