అల్పనియమ క్రీడలు - వాటి విమర్శ

బల్ల చుట్టూ నలుగురు కూర్చుని, తలొక పాత్ర ధరించి, అప్పటికప్పుడు మాటలతో కథ నడుపుకొనే క్రీడలు పాశ్చాత్య దేశాలలో అర్ధశతాబ్దికి పైగా ప్రచారంలో ఉన్నవి. వీటిని రోల్ ప్లేయింగ్ గేములంటారు. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వీటికి ఆదిగ్రంథం. మూడు చిన్న పుస్తకాలుగా పుట్టిన ఆ క్రీడ క్రమంగా వందలాది పుటల నియమావళి అయినది. అంత బరువు మోయలేనివారి కోసమా అన్నట్లు, ఒక్క పుటలోనో ఒక చిన్న పుస్తకంలోనో ఇమిడే అల్పనియమ క్రీడలు కూడా బయలుదేరినవి. ఆ వర్గం దాటితే వీటి పేరు విన్నవారే అరుదు. అయినా, అవధానం ఎరిగిన జాతికి ఇవి బొత్తిగా పరాయివి కావు. నాలుగు నిర్బంధాల నడుమ ఆశువుగా సృష్టి చేయడం మనకు అలవాటైన విద్యే.

వీటిపై వచ్చే సమీక్షలు చదివినప్పుడు నాకు ఒక అసంతృప్తి మిగులుతూ ఉంటుంది. సమీక్షకుడు ఇతివృత్తం చెబుతాడు, ముద్రణను మెచ్చుకుంటాడు, నియమాలు కొద్దిగా ఉన్నవి కనుక సులభమనీ, సులభం కనుక మేలనీ తీర్పు ఇస్తాడు. లాఘవం దానంతట అదే గుణమా? సూత్రానికి అల్పాక్షరత్వం ఒక్కటే చాలదు, అది అసందిగ్ధంగానూ సారవంతంగానూ ఉండాలని మన పూర్వులు లక్షణం చెప్పారు. పోనీ, ఆడి చూచి వ్రాస్తే సరిపోతుందా? ఆడవలసిందే, ఇది దృశ్యకావ్యం వంటిది. కాని ఆ సాయంకాలం కథ రక్తి కట్టితే, ఆ ప్రతిభ నియమాలదో ఆడినవారిదో తేల్చడమెట్లా? నలుగురు మంచి మాటకారులు కూడితే ఏ నియమమూ లేకపోయినా కాలక్షేపానికి లోటుండదు. అందుచేత విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరు: ఈ కొద్దిపాటి నియమాలు దేనిమీద ఆని నిలుచున్నవి?

జాన్ హార్పర్ 2013లో వెలువరించిన ‘లేజర్స్ అండ్ ఫీలింగ్స్’ చూడండి. మొత్తం ఒక్క పుట. ఆటగాడు రెండు మొదలు ఐదు లోపల ఒక అంకె ఎన్నుకుంటాడు. బుద్ధితో చేసే పనికి పాచిక ఆ అంకెకు తక్కువ పడాలి, హృదయంతో చేసే పనికి ఎక్కువ పడాలి. సరిగా ఆ అంకే పడితే ఆటగాడు నిర్వాహకుణ్ణి ఒక ప్రశ్న అడగవచ్చును, అతడు నిజం చెప్పి తీరాలి. ఒకే అంకె ఒక శక్తిని పెంచుతూ రెండవదాన్ని తగ్గించడం చక్కని ఊహ, సందేహం లేదు. కాని ఆ పుటలో తక్కిన భాగమంతా ఒక అంతరిక్ష నౌక, స్పృహ తప్పిన నాయకుడు, కొందరు శత్రువుల పేర్లు. వారు ఎట్లా మాట్లాడతారో, నౌకలో దొరతన మెటువంటిదో, ఏది వీరత్వమో ఏది హాస్యమో ఎక్కడా చెప్పలేదు. చెప్పనక్కరలేదు, ఎందుకంటే అమెరికా పాఠకుడు ‘స్టార్ ట్రెక్’ వంటి ధారావాహికలు చూచి పెరిగినవాడు. ఆ స్మృతి తీసివేస్తే ఈ పుట మూగవోతుంది. మనమూ ‘మాయాబజార్’ మీద అరపుటలో ఇటువంటి క్రీడ వ్రాయవచ్చును. 1957 నాటి ఆ చిత్రం చూచిన తెలుగువారికి ఘటోత్కచుడెవరో వివరించాలా? ఆ లాఘవం రచయిత ఆర్జించినది కాదు, సంప్రదాయం వద్ద అప్పు తెచ్చుకున్నది. అప్పు తప్పు కాదు, కాని సమీక్షకుడు దాన్ని ఆస్తి క్రింద జమ కట్టరాదు.

జేమ్స్ వాలిస్ 1998లో ప్రకటించిన మంచౌజెన్ ప్రభువు క్రీడలో పాచికలే లేవు. గొప్పలు చెప్పడంలో లోకప్రసిద్ధుడైన ఆ జర్మన్ ప్రభువును తలచుకుని, ఒక్కొక్కరు ఒక్కొక్క అసంభవమైన కథ చెప్పాలి. వినేవాడు ఒక నాణెం ముందుకు తోసి అడ్డు తగలవచ్చును. చెప్పేవాడు ఆ అభ్యంతరాన్ని కథలో ఇముడ్చుకుంటే నాణెం అతనిది. తిరస్కరిస్తే తన నాణెం మరొకటి చేర్చి తిప్పి పంపాలి. నిషిద్ధాక్షరి, అప్రస్తుత ప్రసంగం గుర్తుకు రాక మానవు. అయితే ఇక్కడ పృచ్ఛకుడు సొంత సొమ్ము ఒడ్డి అడగాలి. మన సభలలోనూ ఆ నియమముంటే కొన్ని ప్రశ్నలు తగ్గేవేమో! ఈ క్రీడ పూర్వకథను ఆశ్రయించినా, చిక్కు పుట్టించేది మాత్రం నాణెమే.

నా దృష్టిలో వీటన్నిటికన్న ఎక్కువది ఏవరీ ఆల్డర్ 2013లో రచించిన ‘ద క్వైట్ ఇయర్’. నాగరకత కూలిన పిమ్మట మిగిలిన ఒక చిన్న సమాజం, వారికి దొరికిన ఒక ప్రశాంత సంవత్సరం, బల్లమీద తెల్లకాగితం, దానిపై అందరూ గీసే పటం. పేకలో యాభైరెండు ముక్కలు యాభైరెండు వారాలు, నాలుగు రంగులు నాలుగు ఋతువులు. ఎవరికీ సొంత పాత్ర ఉండదు కనుక ఇది పాత్రధారణ క్రీడే కాదనేవారున్నారు. ఆ తగవు నాకు ముఖ్యం కాదు.

ముఖ్యమైనది మౌన నియమం. ఒకరి వంతులో తక్కినవారు సలహా చెప్పరాదు. వంతు వచ్చినవాడు కోరితే సమాలోచన జరపవచ్చును. అప్పుడు ప్రతివాడూ ఒక్కసారి మాత్రమే మాట్లాడాలి, అందరూ మాట్లాడగానే చర్చ ముగుస్తుంది. తీర్మానముండదు. తనను సంప్రదించలేదని బాధపడినవాడు ఒక గవ్వ వంటి గుర్తును తీసి తన ముందు పెట్టుకుంటాడు. దానివల్ల గెలుపు లేదు, ఓటమి లేదు. అది అక్కడ ఉంటుంది, అందరికీ కనబడుతుంది. మిత్రులం నలుగురం ఆడినప్పుడు, రెండవ ఋతువు గడిచేసరికి ఒకరి ముందు అవి మూడు పేరుకున్నవి. ఆయన ఒక్క మాట అనలేదు. బావి తవ్వే ప్రస్తావన మాత్రం ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. ఈ బరువు ఏ పురాణం నుంచీ, ఏ చలనచిత్రం నుంచీ వచ్చినది కాదు. ఒక్కసారే మాట్లాడాలన్న నియమం తీసివేసి చూడండి, మిగిలేది ఏ సంఘం కార్యవర్గ సమావేశమో!

ఆ గుర్తుకు ఇంగ్లీషులో పెట్టిన పేరు కంటెంప్ట్. దానిని తెనిగించబోతే ‘తిరస్కారం’ అన్న మాట ముందుగా తోస్తుంది. కాని తిరస్కారం ఎదుటివానిమీద పడే క్రియ. ఇక్కడిది పెదవి దాటనిది. ‘కినుక’ అంటే సరిపోతుందని నాకు తోచింది. చేదు కొంత తగ్గుతుంది నిజమే, కాని అందులో మౌనమున్నది.

హేమంతంలో ఇస్పేటు రాజు పడగానే మంచుకాపరులు వస్తారు, ఆట ఆగిపోతుంది. అది నలభయ్యవ వారం కావచ్చును, యాభైరెండవది కావచ్చును. కట్టే గోడ సగంలో నిలిచిపోతుంది. ఆ కాపరులెవరో, మేలుకు వచ్చారో కీడుకు వచ్చారో గ్రంథకర్త్రి ఒక్క ముక్క వ్రాయలేదు. అనువాదకులెవరైనా పూనుకుంటే అక్కడ అధోజ్ఞాపిక చేర్చకుందురు గాక.