మిరపకాయ లేని ఓరుగల్లు

ఫిబ్రవరి వచ్చిందంటే ఓరుగల్లులోని ఎనుమాముల మార్కెట్ యార్డు ఎరుపెక్కుతుంది. తేజ, వండర్‌హాట్, చపాటా రకాల మిర్చి బస్తాలు షెడ్లు నిండి బయట కూడా పరుచుకుంటాయి. ముక్కుకు తువ్వాలు చుట్టుకున్న హమాలీల మధ్య వ్యాపారులు కాయ విరిచి, గింజ చూసి ధర చెబుతారు. కాకతీయుల ఓరుగల్లును పోలిన కల్పిత రాజ్యం కట్టాలనుకునే రచయిత ముందుగా ఈ మిర్చినంతా తీసేయాలి. మిరప అమెరికా ఖండం పంట. పోర్చుగీసు ఓడల్లో మన తీరం చేరేసరికి కాకతీయ రాజ్యం పోయి దాదాపు రెండు వందల ఏళ్లయింది. రుద్రమదేవి కాలంలో ఘాటంటే మిరియానిదే.

ఇది చాదస్తం కాదు. టోల్కీన్ ‘ది హాబిట్’లో మొదట టమాటాలు వడ్డించి, 1966 కూర్పులో వాటిని కొట్టేసి ఊరగాయలు పెట్టాడు. టమాటా కూడా అమెరికాదే, పాత ఐరోపాను పోలిన ఆ లోకంలో పొసగదు. జార్జ్ మార్టిన్ సింహాసనాల కథకు 1455–1485 మధ్య ఇంగ్లండులో సాగిన గులాబీల యుద్ధాలు ఆధారం. అతని మంచుగోడకు మూలం క్రీ.శ. 122లో రోమన్లు మొదలుపెట్టిన హేడ్రియన్ గోడ. వీళ్లు చరిత్ర నుంచి తెచ్చుకున్నది కిరీటాలూ కత్తులూ మాత్రమే కాదు. వారసుల తగాదా ఎలా ముదురుతుంది, సరిహద్దుకు కాపలా కాసేవాడి బతుకేమిటి, ఇవీ తెచ్చుకున్నారు. అందుకే డ్రాగన్‌ను కూడా నమ్ముతాం.

మనకూ గట్టి జానపద సంప్రదాయం ఉంది. 1951లో ‘పాతాళభైరవి’, 1954 నుంచి చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు నాకు ప్రాణం. 2015లో ‘బాహుబలి’ తన రాజ్యానికి నర్మద ఒడ్డున నిజంగా ఉన్న ప్రాచీన నగరం మాహిష్మతి పేరే పెట్టుకుంది. అయితే ఆ రాజ్యాల్లో శిస్తు ఎవరు కడతారు, చెరువు ఎవరు తవ్విస్తారు, గోడ ఎలా నిలుస్తుంది అన్నవి కథలోకి పెద్దగా రావు. ఆ జవాబులన్నీ ఓరుగల్లులో దొరుకుతాయి.

కోటనే చూడండి. బయట కందకం, మట్టికోట. లోపల మరో కందకం, రాతికోట. రాతికోట ద్వారం దాటినవాడు నేరుగా ఊళ్లోకి పోలేడు. ఎదురుగా గోడ వస్తుంది, పక్కకు తిరగాలి. తలుపును ఢీకొట్టే ఏనుగుకు పరుగు అందదు, తిరిగే చోట శత్రువు పైనున్న విలుకాళ్లకు దొరికిపోతాడు. ఇక మట్టిగోడ సంగతి. 1310 ముట్టడి గురించి రాసిన ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో, యంత్రాలు విసిరిన రాళ్లు దానికి తగిలి వెనక్కి ఎగిరిపడేంత గట్టిదని వర్ణించాడు. శత్రుపక్షం కవి చెప్పిన మాట కాబట్టి దీనికి నా దృష్టిలో విలువెక్కువ.

సముద్రం వైపు వెళ్తే ఇంకా మంచి సరుకుంది. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సొత్తును రాజులు లాక్కునే రోజులవి. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో ఆ పద్ధతిని ఆపేసి, వర్తకులు సుంకం కడితే చాలన్నాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, ఏ సరుకుకు ఎంతో రాతిమీద చెక్కించాడు. ఓడ పగిలి ఒడ్డున పడిన వర్తకుడొకడు ఆ రాతిముందు నిలబడి తన సొత్తు తనకే దక్కుతుందని తెలుసుకునే ఘట్టం ఏ మాయాదర్పణానికీ తీసిపోదు.

మాయ కావాలంటే అదీ ఉంది. మార్కో పోలో మోటుపల్లి రాజ్యంలో పాములు కాసే వజ్రాల లోయ గురించి రాశాడు. లోయలోకి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకుంటాయట, గద్దలు వాటిని పైకి తెస్తాయట. ఇదే కథ సింద్‌బాద్ యాత్రల్లోనూ ఉంది. ఆ రాజ్యాన్ని ఏలే రాణిని చనిపోయిన వెనకటి రాజు భార్య అన్నాడు. కానీ ఆ రాణి రుద్రమ అయితే, ఆమె వెనకటి రాజు గణపతిదేవుడికి భార్య కాదు, కూతురు. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే మగపేరుతో కనబడుతుంది. ఆ పేరుతోనే కొలువు తీరే పాలకురాలిని ఏ సామంతుడు ఒప్పుకున్నాడు, ఏ సామంతుడు ఎదురుతిరిగాడు అన్నది ఒక సంపుటానికి సరిపోతుంది.

తర్వాతి సంపుటం 1323లో మొదలవుతుంది. కోట ఢిల్లీ సైన్యం చేతికి పోయింది. బందీగా ఢిల్లీకి వెళ్తూ కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని విలస తామ్రశాసనం చెబుతోంది. సినిమావాళ్లు పేరు తెచ్చుకున్న మాహిష్మతి నది కూడా అదే. అతని కింది నాయకులు తలో దిక్కున రాజ్యాలు కట్టుకున్నారు. ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి గెలిచాడు. చివరికి అతణ్ణి చంపింది ఢిల్లీ సైన్యం కాదు, ఒకప్పుడు అదే సింహాసనాన్ని కొలిచిన రేచర్ల నాయకులు.