గవర్నర్ చోట రాజ్‌ప్రముఖ్

1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా సిద్దిపేట తాలూకా కచేరీకి దిగిన సర్కారు ఉత్తర్వులు గవర్నర్ పేరిట కాదు, రాజ్‌ప్రముఖ్ పేరిట వెలువడినవి. ఆ పదవిలో ఉన్నది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ 1949 నవంబర్ 23న ఫర్మానా ఇచ్చింది ఆయనే. ఏడేళ్లు కూడా నిలవని ఈ పదవిని రాజ్యాంగంలో బిగించిన తీరు చూస్తే, గొల్లభామ చీరల ఊళ్లో పుట్టినందుకేమో, నాకు మగ్గమే గుర్తుకొస్తుంది.

పడుగు ముందే సిద్ధంగా ఉంది. గవర్నర్, మంత్రివర్గం, శాసనసభ, హైకోర్టు అన్నీ రాజ్యాంగం ఆరో భాగంలో ఉన్నాయి. హైదరాబాద్ లాంటి 'బి' తరగతి రాష్ట్రాల కోసం అదంతా మళ్లీ రాయలేదు. 238వ అధికరణంతో పేక మార్చారంతే: ఆరో భాగంలో 'గవర్నర్' అన్న చోటల్లా 'రాజ్‌ప్రముఖ్' అని చదువుకోవాలి. ఒక్క చోట మినహాయింపు, 232(బి)లో ఆ మాట రెండోసారి వచ్చినప్పుడు. అక్కడ అప్పటికే 'గవర్నర్ లేదా రాజ్‌ప్రముఖ్' అని ఉంది. మారిస్తే 'రాజ్‌ప్రముఖ్ లేదా రాజ్‌ప్రముఖ్' అయి కూర్చుంటుంది! ఆ ఒక్క పోగు ఎవరి కంటపడిందో గానీ, దండం పెట్టాలి.

తర్వాత కత్తెర పని. నియామకం, పదవీకాలం, అర్హతలు చెప్పే 155, 156, 157 వర్తించవన్నారు. నిజాంను ఎవరూ నియమించలేదు మరి; నిజాంగా రాష్ట్రపతి గుర్తించిన వ్యక్తే రాజ్‌ప్రముఖ్. అందుకే 158లో 'నియమితుడైతే' అన్నది 'అయితే'గా మారింది. రాజధానిలో సొంత ఇల్లు లేకపోతేనే అద్దె లేని అధికార నివాసం అని కూడా చేర్చారు. కింగ్‌కోఠీలో ఉండే మనిషికి ఇల్లు వెతికే పనేముంది?

మధ్యభారత్‌లో గ్వాలియర్ మహారాజు రాజ్‌ప్రముఖ్, ఇండోర్ మహారాజు ఉపరాజ్‌ప్రముఖ్. కలిసిన గద్దెలు ఎక్కువ కాబట్టి మర్యాదలూ పంచాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో ఉన్నది ఒకటే గద్దె. మరి నిజాం పని చూసుకోలేని రోజు వస్తే? జవాబు 366(21) నిర్వచనం చివర ఉంది: రాజ్‌ప్రముఖ్ అధికారాలు నడపగలవాడని రాష్ట్రపతి అప్పటికి ఎవరిని గుర్తిస్తే, ఆ మాటలో వారూ కలుస్తారు. ఉప పదవికి పేరు పెట్టకుండానే దాని పని అంతా ఆ తోకలో ఇమిడ్చారు.

1956 నవంబర్ 1న ఏడో సవరణతో 238 పోయింది, 366(21) కూడా పోయింది. సిద్దిపేట ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది, త్రివేది గవర్నర్ అయ్యారు. 155, 156, 157లను మళ్లీ రాయాల్సిన పని పడలేదు. ఆరో భాగంలో అవి ఎక్కడివక్కడే ఉన్నాయి.