వీరాభిమాని నవ్వు, రైతు కన్నీరు

ఆటపిచ్చిని చూపించి నవ్వించడం తేలిక. ఆ పిచ్చి ఏ జీవితంలోంచి పుడుతున్నదో చెప్పడం కష్టం. 2019లో వచ్చిన "కౌసల్య కృష్ణమూర్తి" మొదటి పని చక్కగా చేసింది. రెండవదాని గుమ్మందాకా వెళ్ళి ఆగిపోయింది.

తమిళంలో 2018లో వచ్చిన "కనా"ను భీమనేని శ్రీనివాసరావు తెలుగుచేశారు. కృష్ణమూర్తి రైతు, క్రికెట్ అంటే ప్రాణం. భారతజట్టు ఓడితే కంటతడి పెడతాడు. అది చూసిన కూతురు కౌసల్య, దేశం తరఫున ఆడి గెలిచి నాన్నను నవ్వించాలనుకుంటుంది. తండ్రి పాత్రకు రాజేంద్రప్రసాద్‌ను ఎన్నుకోవడంలోనే దర్శకుని తెలివి ఉన్నది. దశాబ్దాలుగా మనల్ని నవ్వించిన ముఖం గనుక, ఆయన టీవీ ముందు కూర్చోగానే మనం నవ్వడానికి సిద్ధపడతాం. అప్పుల్లో అదే ముఖం వాడిపోయినప్పుడు మన నవ్వు మనకే గుచ్చుకుంటుంది.

సొంత పొలంలో ఓడిపోతున్నవాడు ఎక్కడివారి ఓటమికో ఎందుకు ఏడుస్తాడు? నాకు తోచే సమాధానం ఇది. పంట ఎండితే చూసే ప్రేక్షకులు లేరు, చెప్పే వ్యాఖ్యాతలు లేరు. ఓడించినవాడెవడో కూడా కంటికి కనబడడు. ఆటలో నియమాలు ఇరుపక్షాలకూ ఒకటే. ఇవాళ ఓడినా రేపు మళ్ళీ ఆడవచ్చు. మార్కెట్టులో రైతుకు ఆపాటి న్యాయమైనా లేదు. కనుక అతని అభిమానం కాలక్షేపం కాదు. న్యాయంగా జరిగే పోటీని ఒక్కదానినైనా చూడాలన్న ఆకలి.

చిత్రం ఈ ఆకలిని గుర్తించింది గాని, తీర్చే దారి తప్పింది. చివరకు కౌసల్య గెలిచి, రైతుల పక్షాన మాట్లాడుతుంది. ఆ మాటల్లో నిజాయితీ ఉన్నది. కాని రైతు గోడు లోకానికి వినబడాలంటే అతని బిడ్డ ప్రపంచం మెచ్చే క్రీడాకారిణి కావలసిందేనా? కాలేని బిడ్డల మాటేమిటి? అప్పు ఊరందరిది, గట్టెక్కినది ఒక్క ఇల్లు.

మేడ్చల్, శామీర్‌పేటల నుంచి వచ్చే మా విద్యార్థులకు ఇది దూరపు ప్రశ్న కాదు. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ నేల ఇప్పుడు చాలాచోట్ల ప్లాట్లుగా మారింది. ఉప్పల్ స్టేడియం కూడా 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనిదే. ఐ.పి.ఎల్. రోజుల్లో కుర్రవాళ్ళు నారింజరంగు చొక్కాలు తొడుక్కొని అక్కడికి పోతారు. జట్టు సన్ టీవీ యాజమాన్యానిది; అరిచే గొంతు వీరిది. ఆ ఉత్సాహాన్ని ఎగతాళి చేయడం మేధావితనం కాదు. వేలమంది ఒకచోట చేరి ఒక్క గొంతుతో న్యాయం కోరగలరని అంపైరు తప్పు నిర్ణయం ఇచ్చిన ప్రతిసారీ స్టేడియం రుజువు చేస్తూనే ఉన్నది. ఆ గొంతు ధాన్యం ధర దగ్గర ఎందుకు విడిపోతున్నదో అడిగే హాస్యచిత్రం మనకింకా రావలసి ఉన్నది.